సిన్సినాటన్న

మా పై అంతస్తులో ఉండే స్వప్న రాత్రిళ్లు నాన్సీ అవుతుంది. గచ్చిబౌలి వైపు ఏదో ఆఫీసులో కూర్చుని అమెరికా వాళ్లకు ఫోన్లో సమాధానాలు చెప్పే ఉద్యోగం. పొద్దున్నే కారు వాళ్లు దింపి వెళతారు. నేను పాల ప్యాకెట్లు పట్టుకుని లిఫ్టు దగ్గరికి వచ్చేసరికి ఎదురవుతుంది. మొన్న వాచ్‌మన్ వెనక నుంచి రెండుసార్లు పేరు పెట్టి పిలిచినా పలకలేదు. నేను భుజం తట్టాక ఉలిక్కిపడి, "సారీ ఆంటీ, ఇంకా నాన్సీలోనే ఉన్నాను" అంది. అసలు పేరు చెబితే ఏమవుతుందే అని అడిగాను. అవతలి వాళ్లు సగంలో ఫోన్ పెట్టేస్తారట. వేరే పేరు చెబితే పని జరుగుతుందట.

నాకు నవ్వొచ్చింది. ఇంట్లోకి వచ్చి పాలు పొయ్యి మీద పెట్టేసరికి ఆ నవ్వు పోయింది. ఈ ఉపాయం దగ్గర దగ్గర యాభై ఏళ్ల కిందటే మా ఫ్యాక్టరీలో ఒక మనిషి కనిపెట్టాడు. పేరు మారిస్తే పని జరుగుతుందని ఆయనా నమ్మాడు. ఆ నమ్మకంలోకి వెళ్లినవాడు మళ్లీ బయటికి రాలేకపోవడం నేను కళ్లారా చూశాను. చూడటమేమిటి, బయట గడియ పెట్టిన చేతుల్లో నావీ ఉన్నాయి. ఆయన పోయి చాలా కాలమైంది కాబట్టి ఇప్పుడు చెప్పినా నన్ను మందలించేవాళ్లు లేరు.

అప్పట్లో బొంబాయి రోడ్డు మీద కూకట్‌పల్లి అంటే ఒట్టి ఊరే. నేనిప్పుడు ఉంటున్న ఈ కాలనీ స్థలంలో జొన్నచేలు ఉండేవి. మా ఫ్యాక్టరీ సైరన్ మోగితే ఆ చేలల్లో వాళ్లు కూడా అన్నాలకు లేచేవారు. అరవై తొమ్మిది తెలంగాణ గొడవలు చల్లారిన మరుసటి ఏడు గుంటూరు నుంచి వచ్చి అక్కడ తెలుగు టైపిస్టుగా చేరాను. ఫ్యాక్టరీ మొత్తానికి తెలుగు మిషన్ ఒక్కటే, దానికి దిక్కు నేనొక్కదాన్నే. నోటీసు బోర్డు మీద కార్మికులు చదివే ప్రతి ముక్కా నా వేళ్ల మీదుగా పోవలసిందే. మా నాన్న తెలుగు మాస్టారు. ఎవరైనా వాక్యం వంకరగా మాట్లాడితే ఆయనకి ఆ పూట అన్నం సహించేది కాదు. ఆస్తి ఏమీ ఇవ్వలేదు గానీ ఆ జబ్బు మాత్రం నాకిచ్చాడు.

నేను చెబుతున్న ఆ పేర్లు మార్చిన మనిషిది టూల్ స్టోర్సు. కార్మికుడు వచ్చి తన నంబరున్న ఇత్తడి టోకెన్ ఇస్తే, దాన్ని మేకుకు తగిలించి, అడిగిన డ్రిల్లు బిట్టు ఇచ్చి, సాయంత్రం తిరిగి తీసుకోవడం ఉద్యోగం. ఊరు గోపన్‌పల్లి. పొద్దున్నే లింగంపల్లి మీదుగా సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు. పక్కన ఇంకో సైకిలు మీద సాయన్న. సాయన్నది ఇనుప రేకుల్ని అచ్చుల్లో పెట్టి నొక్కే ప్రెస్ షాపు. ఇద్దరిదీ ఒకే వాడకట్టు, ఒకే వయసు. దారంతా సాయన్న మాట్లాడేవాడట, ఈయన వినేవాడట.

వినడమే ఆయన అసలు ఉద్యోగమని నాకు చాలాసార్లు అనిపించేది. కిటికీ దగ్గర ఎవరైనా కాస్త కొత్తగా ఓ మాట అంటే చాలు, టోకెన్ చేతిలోనే పట్టుకుని, ఎడమ కన్ను మూసి, "మళ్ల అను" అనేవాడు. వాళ్లకు చిరాకు. బిట్టు ఇవ్వకుండా ఈ పరీక్ష ఏమిటని లైనులో వెనకవాళ్లు తిట్టేవాళ్లు. తిట్టు బాగుంటే దాన్ని కూడా "మళ్ల అను" అనేవాడు. నాటకాలు రాసేవాడు. కాగితం ముట్టుకునే ముందు కిరసనాయిలుతో ఒకసారి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని వాసన చూసుకునేవాడు. ఎంత కడిగినా ఆయన తెచ్చే కాగితాలు కిరసనాయిలు వాసనే వేసేవి. కూర్చుని ఎప్పుడూ చదవడు. నా బల్ల ముందు నిలబడి, గడ్డం పైకెత్తి, తను రాసింది తనే కొత్తగా వింటున్నట్టు చదివేవాడు. నాటకం ఎలా రాస్తారండీ అని ఒకసారి అడిగాను. "మనిషి ఏం మాట్లాడిండని కాదు చెల్లె, ఏం మింగిండని చూడాలె" అన్నాడు. గొప్పగా ఉంది గానీ నాకు అర్థం కాలేదు.

మొదటి నాటకం మా చుట్టుపక్కల కిరాయి గదుల్లో ఉండే కార్మికుల గురించి రాశాడు. మనుషుల పేర్లు ఎల్లయ్య, నర్సమ్మ. వార్షికోత్సవంలో ఏ నాటకం వెయ్యాలన్నా ముందు ఆఫీసర్ల కమిటీ చదవాలి. ఆ కమిటీ పెద్ద చాలా మర్యాదస్తుడు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, టీ తెప్పించి మరీ కాదన్నాడు. ఒకే బస్సులో వచ్చే ఆంధ్రా వాళ్లూ ఇక్కడి వాళ్లూ ఇప్పుడిప్పుడే మళ్లీ పలకరించుకుంటున్నారట. వేదిక మీద ఇక్కడి యాస వినిపిస్తే కొందరు నవ్వుతారు, నవ్వినందుకు కొందరు కుర్చీలు విరగ్గొడతారు. అందుకని ఇక్కడి మనుషులు వద్దు, ఇక్కడి మాట వద్దు, ఫ్యాక్టరీ ఊసు అసలే వద్దు అన్నాడట. ఈయన టీ తాగి వచ్చేశాడు.

పదిహేను రోజుల తర్వాత ఇంకో కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఎల్లయ్య జిమ్ అయ్యాడు. నర్సమ్మ మార్తా అయింది. కథ జరిగేది అమెరికాలో, సిన్సినాటి అనే ఊళ్లో. ఇదేమిటండీ అన్నగారూ అన్నాను. "ఇక్కడోళ్లు వద్దన్నరు గద. గందుకే జర దూరం పోయిన" అన్నాడు.

ఆయన అమెరికా ముఖం చూసినవాడు కాదు, పుస్తకాల్లో చదివినవాడూ కాదు. మా మెషిన్ షాపులో పాత దిగుమతి మిషన్లు కొన్ని ఉండేవి. ఒక మిల్లింగ్ మిషన్ ఒంటి మీద సిన్సినాటి అనీ, ఇంకోదాని మీద క్లీవ్‌లాండ్ అనీ ఇనుప అక్షరాలు పోతపోసి ఉండేవి. అదే ఆయన భూగోళం. ఆ సిన్సినాటిలో జిమ్ గుడ్డలో కట్టుకొచ్చిన రొట్టె, ఉల్లిగడ్డ తింటాడు. మార్తా తెల్లవారే బిందె పట్టుకుని కుళాయి దగ్గర లైనులో నిలబడుతుంది. ఇంటాయన కిరాయి కోసం వచ్చి గుమ్మంలో చెప్పులు విడిచి మరీ తిడతాడు. కమిటీ పెద్దకు అనుమానం వచ్చి, అమెరికాలో కూడా కుళాయి దగ్గర బిందెలతో నిలబడతారా అని అడిగాడు. "చలికి ఇండ్లల్ల గొట్టాలు గడ్డకడ్తయి సార్" అని ఈయన తడుముకోకుండా చెప్పాడు. నాటకం పాసయింది.

ఇక నా వంతు చెప్పాలి. ఆయన రాసేది తన భాషలోనే. "ఏంది జిమ్, గిట్ల జేస్తివి" అని రాసుకొచ్చేవాడు. ఇక్కడి మాట వద్దని కమిటీ అన్నది కదా, నేను "ఏమిటి జిమ్, ఇలా చేశావు" అని టైపు చేశాను. మొదటిసారి ఆయన్ని అడిగే చేశాను. ఆయన నిలబడి చదివి, కాసేపు తల గోక్కుని, "మంచిగనే ఉన్నది. అమెరికోళ్లు గిట్లనే మాట్లాడ్తరేమో" అని నవ్వాడు. రెండోసారి నుంచి నేను అడగలేదు. ఆయన కాగితం ఎడమ పక్కన పెట్టుకుంటే నా కళ్లు చదువుతుండగానే వేళ్లు దిద్దేసేవి. ఉపకారం చేస్తున్నాననే అనుకున్నాను. నిజం చెప్పాలంటే కొంచెం గర్వంగా కూడా ఉండేది. అచ్చులోకి వెళ్లే మాటకు ఒక పద్ధతి ఉండాలి కదా అని నా ఉద్దేశం.

నాటకం రోజు ఆయన వేదిక దగ్గరికి రాడు. మైదానం చివర సైకిళ్ల స్టాండు దగ్గర నిలబడి జనాన్ని చూసేవాడు. వేదిక మీదికి టోపీ పెట్టుకుని అమెరికా ఫోర్‌మన్ రాగానే మైదానమంతా తల తిప్పి ముందు వరసలో కూర్చున్న మా ఫోర్‌మన్ వైపు చూసింది. కార్మికులకు అన్నీ అర్థమయ్యాయి, ఆఫీసర్లకు ఏమీ కాలేదు. మర్నాటి నుంచి ఆయన పేరే మారిపోయింది. స్టోర్సు కిటికీ దగ్గర అందరూ "సిన్సినాటన్నా, బిట్టియ్యి" అనేవాళ్లే. ఏడాదికొకటి చొప్పున అమెరికా నాటకాలు సాగాయి. ఆ రోజుల్లో ఆయనకీ సంతోషంగానే ఉండేది. బోనులోకి వెళ్లేటప్పుడు ఎలుకకు కొబ్బరిముక్కే కదా కనిపించేది.

నాలుగో ఏడు సాయన్న పోయాడు. ప్రెస్ కింద చెయ్యి పడకుండా మిషన్ ముందు ఒక ఇనుప జల్లెడ లాంటి గార్డు ఉంటుంది. అది ఉంటే పని కాస్త నెమ్మదిస్తుంది. ఆ నెల సరుకు త్వరగా కావాలని దాన్ని తీసేయమన్నారు, నోటిమాటగా. సాయన్న తియ్యనని మొండికేశాడని, చివరికి వేరేవాళ్లు వచ్చి తీశారని షాపులో అందరికీ తెలుసు. మూడో రోజుకు చెయ్యి మోచేతి దాకా పోయింది. నాలుగు రోజులు దవాఖానలో ఉండి చనిపోయాడు. విచారణ జరిగిందన్నారు. నోటీసు తెలుగులో నేనే టైపు చేశాను: స్వీయ అజాగ్రత్త వల్ల. నాకు కాగితం ఇచ్చారు, నేను కొట్టాను. అది కూడా తప్పుల్లేకుండా కొట్టాను.

సాయన్న భార్య సత్తెమ్మకు క్యాంటీన్లో పని ఇచ్చారు. బోర్డు మీద రెండు వారాలున్న ఆ ముక్క ఊళ్లోకి వెళ్లేసరికి, సాయన్న తాగి మిషన్ ఎక్కాడని అయింది. సత్తెమ్మ అత్తవారే అలా అనేవారట. ఆమె బాధంతా అక్కడే ఉండేది. పక్కన సాయన్న లేని దారిలో ఒంటరిగా సైకిలు తొక్కుకుంటూ వచ్చే మనిషి ఏం చేయగలడు? నాటకమే రాయగలడు. రాశాడు. సిన్సినాటిలో జిమ్ ప్రెస్ మీద పనిచేస్తాడు. గార్డు తీసేస్తారు. జిమ్ చచ్చిపోతాడు. విచారణలో తప్పు జిమ్‌దే అని తేలుస్తారు. నేను ఏడుస్తూ టైపు చేశాను, దిద్దుతూ టైపు చేశాను.

ఆ ఏడు వార్షికోత్సవంలో మైదానంలో ఏడవని వాళ్లు లేరు. మా ఫ్యాక్టరీ పెద్దసారు వేదికెక్కి, కళ్లద్దాలు తుడుచుకుని, ఆయనకు శాలువా కప్పాడు. తర్వాత మైకు అందుకుని, పరాయి దేశపు ఫ్యాక్టరీల్లో కార్మికుడి ప్రాణానికి ఇంతే విలువని, మన దగ్గర అలాంటివి జరగనందుకు మనమంతా అదృష్టవంతులమని చెప్పాడు. చప్పట్లు కొట్టారు. ఈయన ఆ శాలువాతోనే వేదిక మీద నిలబడ్డాడు. దొంగకు తేలు కుట్టినా ఇంత మౌనంగా ఉండడు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన స్క్రిప్టు తీసుకోవడానికి నా గదికి వచ్చినప్పుడు సత్తెమ్మ టీ గ్లాసులు తీసుకెళ్లడానికి వచ్చింది. గ్లాసులు తీసుకోకుండా గుమ్మం దగ్గరే నిలబడింది.

"మంచిగ రాసినవన్నా. అందరు ఏడ్చిన్రు" అంది. "ఆ తెల్లాయన కోసం ఏడ్చిన్రు."

ఆయన చేతిలోకి తీసుకున్న స్క్రిప్టు మళ్లీ బల్ల మీద పెట్టేశాడు.

"మా ఆయన పేరు ఒక్కపారి చెప్పరాదు? తాగి చావలేదని నలుగుర్ల చెప్పరాదు? ఆయన గట్ల మాట్లాడడు గూడ. నీకు ఎర్కలేదా ఆయన ఎట్ల మాట్లాడుతుండెనో?"

చెప్తనని ఆయన మాట ఇచ్చాడు. సత్తెమ్మ అన్న ఆ ఆఖరి మాటకు మాత్రం ఒక్కసారి నా మిషన్ వైపు చూశాడు. నన్ను కాదు, మిషన్‌ని. నేను కొత్త కాగితం ఎక్కిస్తూ ఉండిపోయాను.

ఆ మాట నిలబెట్టుకునే లోపే ఎమర్జెన్సీ వచ్చింది. అప్పుడు అమెరికా కార్మికుడికి కూడా మా వేదిక మీద చోటు లేకుండా పోయింది. ఆ రెండేళ్లూ మాకు శ్రీకృష్ణుడే దిక్కు. రాయబారాలతో, కిరీటాలతో గడిపేశాం. సత్తెమ్మ రోజూ గ్లాసులు తెచ్చేది, తీసుకెళ్లేది. మళ్లీ అడగలేదు. అడగకపోవడం వల్లే ఆయన క్యాంటీన్‌కు రావడం మానేశాడు. రొట్టె స్టోర్సులోనే, డ్రిల్లు బిట్ల మధ్య కూర్చుని తినేవాడు.

ఎమర్జెన్సీ పోయాక కమిటీ మారింది. కొత్తగా వచ్చినాయన కుర్రవాడు, ఉత్సాహవంతుడు. పిలిచి, మీ ఇష్టమొచ్చిన మనుషుల మీద, మీ ఇష్టమొచ్చిన భాషలో రాసుకోండి, నేను చూసుకుంటాను అన్నాడు. తలుపు బార్లా తెరిచినట్టే. ఆయన రాయడం మొదలుపెట్టి రెండు నెలలు తిరిగాడు, ముఖం పీక్కుపోయింది. కూర్చుంటే సాయన్న రావడం లేదని, టోపీ పెట్టుకున్న జిమ్ వస్తున్నాడని చెప్పేవాడు. పదేళ్లు పక్కన సైకిలు తొక్కినవాడి గొంతు మరిచిపోతాడా ఎవరైనా అని నేను తేలిగ్గా కొట్టిపారేశాను. "యాది మర్వలే. దాని మీద ఇంకోటి కూసున్నది" అన్నాడు.

చివరికి ఒకరోజు వచ్చాడు. ముప్ఫై కాగితాలు. మొహం కడిగినట్టు ఉంది. గోపన్‌పల్లిలో సాయన్న ఇంటి అరుగు మీద వారం రోజులు పొద్దున పూట కూర్చున్నాడట. మొదట ఒక్క మాట వినిపించిందట, దాని వెంట అన్నీ వచ్చాయట. "ఈసారి ఉన్నదున్నట్టు కొట్టు చెల్లె" అన్నాడు. తప్పకుండా అండీ అన్నాను.

నాలుగు రోజులు కొట్టాను. సాయన్న పేరు సాయన్నగానే ఉంచాను. ప్రెస్ షాపును ప్రెస్ షాపనే రాశాను. గార్డు తీయమన్నది ఎవరో, ఎవరి ఎదుటో, అంతా ఉన్నదున్నట్టు. ఆ నోటీసు కొట్టిన చేతులతోనే దాన్ని కొట్టిపారేస్తున్నానని లోపల పొంగిపోయాను కూడా. కాపీలు తీసే స్టెన్సిల్ కొట్టడం అయ్యాక మా సెక్షను నియమం ప్రకారం చేతిరాత కాగితాలు చించి బుట్టలో వేశాను. సాయంత్రానికి బుట్ట బాయిలర్‌కు పోతుంది. ఎన్నో ఏళ్ల అలవాటు, ఆలోచించవలసిన పని కాదు.

ఆయన మర్నాడు వచ్చి చేతులు వాసన చూసుకుని, గడ్డం ఎత్తి, చదవడం మొదలుపెట్టాడు. ఫోర్‌మన్ గార్డు తీయమంటాడు. అక్కడ సాయన్న మాట: "గార్డు తీసివేస్తే నా చెయ్యి పోతుంది కదండీ, అప్పుడు బాధ్యులెవరు?" ఆయన ఆగాడు. ఎడమ కన్ను మూసి ఆ వాక్యం మళ్లీ చదివాడు. పేజీ తిప్పాడు, ఇంకోటి తిప్పాడు. నాకు అప్పుడు కనిపించింది. ముప్ఫై పేజీల్లో సాయన్న యాసలో ఒక్క మాట కూడా మిగల్చలేదు నేను. ఉన్నదున్నట్టే కొడుతున్నానని ప్రమాణం చేసి చెప్పగలిగినదాన్ని. నా వేళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

"అసలు కాగితాలేవి?" అన్నాడు.

చెప్పాను. బుట్ట నిన్న సాయంత్రమే బాయిలర్‌కు పోయింది. ఎక్కడెక్కడ ఏం రాశారో చెప్పండి, ఈ పూటే మళ్లీ కొడతాను అన్నాను. కొత్త స్టెన్సిల్ ఎక్కించాను. ఆయన నా ఎదుట నిలబడి సాయన్న మాట చెప్పడానికి నోరు తెరిచాడు. తెరిచి, మూశాడు. రెండు మూడు సార్లు అలాగే అయింది. "నేను రాసిన మాట గాదు చెల్లె, వాడన్న మాటనే రాసిన" అన్నాడు. "ఇప్పుడు నువ్వు కొట్టిందే యాదికొస్తున్నది."

ఆ వారమంతా మధ్యాహ్నం గంటల్లో ఆయన వచ్చి నిలబడటం, నేను మిషన్ మీద వేళ్లు పెట్టి కూర్చోవడం జరిగింది. ఆయన నోటి నుంచి వచ్చే ప్రతి వాక్యం నాదే, మా నాన్నదే. శుక్రవారం నాడు కొత్త కమిటీ పెద్ద దగ్గరికి వెళ్లి నాటకం వెనక్కి తీసుకుంటానని చెప్పాడు. ఆ తర్వాత ఇక రాయలేదు. సత్తెమ్మ ఆ క్యాంటీన్లోనే రిటైరైంది, ఆమె మొగుడి ఫైల్లో నేను కొట్టిన ముక్క అలాగే ఉంది. ఆమెకు నేను నిజం చెప్పలేదు. చెప్పాలని రెండుసార్లు క్యాంటీన్ దాకా వెళ్లి, టీ తాగి వచ్చేశాను.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆ శుక్రవారం నా గది నుంచి వెళ్లబోతూ, టైపు కాగితాలు అంచులు సమంగా సర్ది, నా బల్ల మీదే పెట్టేశాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. నా వైపు తిరిగిన ముఖంలో కోపం లేదు.

"సాయన్న మళ్ల సిన్సినాటి పోయిండు చెల్లె," అన్నాడు. "ఈసారి పేరు గూడ తీస్కపోయిండు."